పిల్లికి యూరిన్ ప్రాబ్లమ్ వస్తే: ఇంట్లో ఆగాలా, క్లినిక్‌కి పరిగెత్తాలా, ఏ టెస్ట్ ముందు, ఏ ఫుడ్ మంచిది

పిల్లి పొద్దున్నుంచి లిట్టర్ బాక్స్‌లోకి దూరడం, బయటికి రావడం, మళ్లీ దూరడం చేస్తుంటే మన ముందు మూడు దార్లుంటాయి. ఇవాళ్టికి చూద్దాంలే అని ఇంట్లోనే ఉంచడం, సాయంత్రం ఆఫీస్ అయ్యాక క్లినిక్‌కి తీస్కెళ్లడం, లేదా ఉన్నపళంగా ఆటో ఎక్కడం. ఏది కరెక్టో పిల్లి ఎంత అరుస్తోందో చూసి తేల్చకండి, పిల్లులు నొప్పిని దాచుకుంటాయి, బాగా ముదిరేదాకా మామూలుగానే తిరుగుతుంటాయి. తేల్చేవి రెండే ప్రశ్నలు: అది మగదా ఆడదా, ఉచ్చ బయటికి వస్తోందా రావట్లేదా. ఏ ఫుడ్ కొనాలి, స్కానింగ్ కావాలా, యాంటీబయాటిక్ వేయించాలా, ఇవన్నీ ఆ తర్వాతి సంగతి.

మగపిల్లి, చుక్క కూడా రావట్లేదు అంటే అది ఎమర్జెన్సీ, రాత్రి రెండు గంటలైనా సరే. మగపిల్లి మూత్రనాళం చివరికొచ్చేసరికి చాలా సన్నబడిపోతుంది, అక్కడ ఒక చిన్న రాయి ఇరుక్కున్నా, క్రిస్టల్సూ జిగురూ కలిసి ముద్ద కట్టినా, వాపుతో నాళం బిగుసుకుపోయినా దారి మూసుకుపోతుంది. కిడ్నీలు మాత్రం యూరిన్ తయారుచేస్తూనే ఉంటాయి, బ్లాడర్ ఉబ్బిపోయి ఆ ప్రెషర్ తిరిగి కిడ్నీల మీదే పడుతుంది, యూరిన్‌తో బయటికి పోవాల్సిన పొటాషియం రక్తంలో పేరుకుపోతుంది, అది పెరిగేకొద్దీ గుండె నెమ్మదిస్తూ చివరికి ఆగిపోతుంది. పూర్తిగా బ్లాక్ అయిన పిల్లికి ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదకొస్తుంది, మూడో రోజు దాకా ఆగడం అంటే దాదాపు వదిలేసుకోవడమే. ముఖ్యంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేసిన, ఇంట్లోనే ఉండే, కాస్త లావెక్కిన, డ్రై ఫుడ్ మీదే పెరిగే కుర్ర మగపిల్లులకి ఈ రిస్క్ ఎక్కువ, అంటే మన ఫ్లాట్లలో పెరిగే పిల్లుల్లో చాలావరకు ఆ బాపతే.

ఆడపిల్లి అయితే నాళం పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది కాబట్టి పూర్తిగా మూసుకుపోవడం అరుదు, అలాగని దానికి నొప్పి లేదని కాదు, ఆ రోజో మర్నాడో చూపించాల్సిందే.

ముందు గుర్తుపట్టడం

మామూలు పిల్లి రోజుకి రెండు నుంచి నాలుగు సార్లు ఉచ్చ పోస్తుంది. గడ్డకట్టే లిట్టర్ వాడితే ఒక్కో గడ్డ నిమ్మకాయంత, ఒక్కోసారి ఇంకా పెద్దది వస్తుంది. ఆ గడ్డలు గోళీకాయంత అయిపోయి సంఖ్య పెరిగిందంటే బ్లాడర్‌లో మంట మొదలైనట్టు. అసలు గడ్డే లేదంటే బ్లాక్. అందుకే నేను లిట్టర్ విషయంలో ఖరీదు కంటే గడ్డ కడుతుందా లేదా అన్నదే చూడమంటాను, ఇసుకలో, చెక్క గుళికల్లో ఎంత పోసిందో లెక్క తెలీదు, బెంటోనైట్ అనే బంకమట్టి లిట్టర్, సోయాతో చేసే టోఫు లిట్టర్ రెండూ గడ్డ కడతాయి, వాసనా దుమ్మూ పడని ఇంట్లో టోఫు హాయి, డబ్బు చూస్కునే ఇంట్లో బెంటోనైట్ చాలు.

మిగతా గుర్తులు ఇవి: వంగి కూర్చుని చాలాసేపు అలానే ఉండిపోవడం, కూర్చున్నప్పుడు సన్నగా మూలగడం, లేచాక కింద అదే పనిగా నాక్కోవడం, లిట్టర్ వదిలేసి బాత్రూం గచ్చు మీదో సింక్‌లోనో స్నానాల టబ్‌లోనో పోయడం. తెల్ల టైల్ మీద పోసినప్పుడు గులాబీ రంగు కనిపిస్తే అది రక్తం. ఇల్లంతా పాడు చేస్తోందని తిట్టకండి, కొట్టకండి, లిట్టర్‌లో కూర్చుంటే మంట పుడుతోంది కాబట్టి అది చల్లగా నున్నగా ఉండే చోటు వెతుక్కుంటోంది. ఇక వాంతులు, తిండి మానెయ్యడం, మంచం కిందకి దూరి రాకపోవడం, చెవులు పాదాలు చల్లబడటం, ఇవి బ్లాక్ ముదిరాక వచ్చేవి, వీటికోసం ఎదురుచూడకూడదు.

రెండు విషయాల్లో జనం బాగా పొరబడతారు. ఒకటి మలబద్ధకం. మా అపార్ట్‌మెంట్‌లో రెండో ఫ్లోర్ ఆంటీ వాళ్లకి ఒక పెద్ద గండుపిల్లి ఉంది, ఒక రోజు లిఫ్ట్ దగ్గర కనిపించి "నిన్నట్నించి దొడ్డికి రాక ముక్కుతోందమ్మా, అన్నంలో నెయ్యి ఎక్కువేసి పెట్టాను, అయినా రావట్లేదు" అన్నారు. "ఆంటీ, లిట్టర్‌లో తడి ఉందా?" అని అడిగా. పైకెళ్లి చూస్తే లిట్టర్ పొడిగా ఉంది, దొడ్డి కూడా లేదు, అది ట్రేలో వంగి కూర్చుని తోక కింద వణుకుతోంది, పొట్ట కింద నెమ్మదిగా చెయ్యి ఆనిస్తే గట్టిగా గుండ్రంగా తగిలింది, తాకనిచ్చింది కూడా లేదు, చేతిలోంచి దూకేసింది. ఆ పూటే తీస్కెళ్లారు, ఉచ్చ దారిలోకి పైపు వేశారు, బతికింది. రెండింటికీ పిల్లి కూర్చునే తీరు దూరం నుంచి ఒకేలా కనిపిస్తుంది, అందుకని ముక్కుతోంది అనిపించిన ప్రతిసారీ ముందు తడి ఉందా అని చూడండి. పొట్ట తాకి చూస్తే చూడండి గానీ నొక్కకండి, ఉబ్బిన బ్లాడర్ పగిలే ప్రమాదం ఉంది.

రెండోది స్ప్రే చెయ్యడం. ఆపరేషన్ కాని మగపిల్లి నిలబడి, తోక పైకెత్తి ఆడిస్తూ గోడ మీదకి చిమ్ముతుంది, అది జబ్బు కాదు, దానికి మందు న్యూటరింగ్, అంటే ఆ ఆపరేషనే. జబ్బైతే కూర్చుని, నేల మీద, కొంచెం కొంచెం పోస్తుంది. అలాగే గడ్డలు చిన్నవి కాకుండా మామూలు కంటే బాగా పెద్దవైపోయి, నీళ్లగిన్నె తొందరగా ఖాళీ అవుతుంటే అది బ్లాడర్ గొడవ కాదు, కిడ్నీ జబ్బో, షుగరో, థైరాయిడో చూడాలి, ముఖ్యంగా పది దాటిన పిల్లుల్లో, దానికి బ్లడ్ టెస్ట్ కావాలి, ఈ ఆర్టికల్‌లో చెప్పే ఫుడ్లు కాదు.

మరి మూడు దార్లలో ఏది

మగపిల్లి, ఏమీ రావట్లేదు లేదా వస్తోందో లేదో మీకే డౌట్: వెంటనే. మగపిల్లి, చుక్కలు చుక్కలుగా వస్తోంది: ఆ పూటే, ఎందుకంటే సగం మూసుకున్నది ఏ గంటలో పూర్తిగా మూసుకుంటుందో చెప్పలేం. ఆడపిల్లి, చుక్కలు లేదా రక్తం: ఆ రోజు లేదా మర్నాడు. ఆడదైనా వాంతి చేసుకుని తిండి మానేస్తే వెంటనే. ఇంట్లో ఆగి చూడటం అనే దారి నిజంగా పనికొచ్చేది ఒక్క సందర్భంలోనే, ఇంతకుముందే డాక్టర్ టెస్టులన్నీ చేసి ఇది స్ట్రెస్ వల్ల వచ్చే వాపు అని తేల్చిన ఆడపిల్లి, మళ్లీ అవే లక్షణాలు, గడ్డలు పడుతున్నాయి, తింటోంది. అప్పుడు కూడా డాక్టర్‌కి ఫోన్ చేసి చెప్పే ఆగండి.

ఇంట్లో ఆగినవాళ్లు ఊరికే ఉండరు, అదీ బాధ. వేడి చేసింది అంటారు. బార్లీ నీళ్లు, కొబ్బరి నీళ్లు, సబ్జా గింజలు, మజ్జిగ. మనుషులకి ఎండాకాలం ఉచ్చ మంటకి ఇవి తాగించే అలవాటు మన ఇళ్లల్లో ఉంది కాబట్టి ప్రేమతోనే చేస్తారు. కానీ కొబ్బరి నీళ్లలో పొటాషియం దండిగా ఉంటుంది, బ్లాక్ అయిన పిల్లిని చంపేది ఆ పొటాషియమే. సిరంజితో బలవంతంగా నీళ్లు పట్టించినా నిండిన బ్లాడర్‌ని ఇంకా నింపడమే. మనుషులకి యూరిన్ మంటకి వాడే, యూరిన్‌లో యాసిడ్ తగ్గించే ఆల్కలైజర్ సిరప్ కూడా మెడికల్ షాప్‌లో అడిగి తెచ్చి పోస్తుంటారు, స్ట్రువైట్ అనే రకం క్రిస్టల్స్ పెరిగేదే అలా యాసిడ్ తగ్గిన ఆల్కలైన్ యూరిన్‌లో, అంటే ఆ సిరప్ దానికి ఎరువు వేసినట్టే. ఇంక పారాసిటమాల్ సంగతి గట్టిగా చెప్తున్నా, పిల్లి లివర్ దాన్ని అరిగించుకోలేదు, ఒక్క మాత్ర చాలు ప్రాణం పోవడానికి, సగం ముక్క కూడా వద్దు, పిల్లల సిరప్ కూడా వద్దు. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా అంతే.

యూరిన్ టెస్టా, ఎక్స్‌రేనా, స్కానింగా

బ్లాక్ లేదని తేలాక, లేదా బ్లాక్ తీసేశాక, అసలు ఎందుకొచ్చిందో తెలుసుకోవాలి. పదేళ్ల లోపు పిల్లుల్లో సగానికి పైగా కేసుల్లో రాయీ ఉండదు, బ్యాక్టీరియా ఉండదు, కారణం కనపడని బ్లాడర్ వాపు, డాక్టర్లు ఎఫ్ఐసీ అంటారు, అది చాలావరకు స్ట్రెస్‌తో ముడిపడింది. రాళ్లు దాని తర్వాత. బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ కుర్ర పిల్లుల్లో నూటికి ఒకటో రెండో, మహా అయితే ఐదో, పదేళ్లు దాటిన పిల్లుల్లో, షుగర్ కిడ్నీ జబ్బులున్నవాటిలో మాత్రం బాగా ఎక్కువ. ఈ ఒక్క విషయం గుర్తుంటే సగం అనవసరపు ఖర్చు తగ్గుతుంది.

డబ్బులు పరిమితంగా ఉంటే నా సలహా, ముందు యూరిన్ టెస్ట్, దాంతోపాటు ఒక ఎక్స్‌రే. యూరిన్ టెస్ట్ చవక, కానీ ఎలా చేస్తారన్నదే ముఖ్యం. సాంపుల్ అరగంట గంటలోపు మైక్రోస్కోప్ కింద చూడాలి, ఫ్రిజ్‌లో పెట్టి సాయంత్రం ల్యాబ్‌కి పంపితే ఆరోగ్యంగా ఉన్న పిల్లి యూరిన్‌లో కూడా క్రిస్టల్స్ పుట్టుకొస్తాయి, ఆ రిపోర్ట్ చూసి మనం హడలిపోతాం. అసలు రిపోర్ట్‌లో క్రిస్టల్స్ అని రాసుంటే రాళ్లున్నాయని అర్థం కాదు, చిక్కటి యూరిన్‌లో కొన్ని స్ట్రువైట్ క్రిస్టల్స్ ఉండటం మామూలే. స్ట్రిప్ ముంచి చూసే టెస్ట్‌లో తెల్లరక్తకణాల గడి పిల్లుల్లో నమ్మదగ్గది కాదు, దాన్ని చూసి ఇన్ఫెక్షన్ అని తేల్చేస్తే ఒప్పుకోకండి, మైక్రోస్కోప్‌లో చూశారా అని మర్యాదగా అడగండి. యూరిన్ ఎంత చిక్కగా ఉందో చెప్పే స్పెసిఫిక్ గ్రావిటీ కూడా స్ట్రిప్‌తో కాదు, రిఫ్రాక్టోమీటర్ అనే పరికరంతో చూడాలి, అది 1.035 దాటితే యూరిన్ బాగానే చిక్కబడుతోందని, కిడ్నీ ఆ పని చేయగలుగుతోందని. ముసలి పిల్లిలో అది ఎప్పుడూ పలచగానే ఉంటే కిడ్నీ టెస్టులు చేయించాలి.

ఎక్స్‌రే, స్కానింగ్ రెండిట్లో ఏది అంటే, పిల్లుల్లో ఎక్కువగా వచ్చే రెండు రకాల రాళ్లు, స్ట్రువైట్, కాల్షియం ఆక్సలేట్, రెండూ ఎక్స్‌రేలో కనిపిస్తాయి, పైగా మూత్రనాళంలో చివరిదాకా ఇరుక్కున్న రాయిని ఎక్స్‌రే పట్టిస్తుంది, స్కానింగ్‌కి అక్కడ చూపు ఆనదు. తీసేటప్పుడు తోక దాకా, వెనక కాళ్ల మధ్య దాకా వచ్చేలా తియ్యమని చెప్పండి, పొట్ట వరకే తీసి ఏమీ లేదు అంటే కుదరదు. స్కానింగ్ మేలు ఎక్కడంటే, బ్లాడర్ గోడ మందం, అడుగున పేరుకున్న ఇసుక, ఎక్స్‌రేకి దొరకని చిన్న రాళ్లు, యూరేట్ లాంటి అరుదైన రాళ్లు, వయసు మళ్లిన పిల్లిలో గడ్డ ఏదన్నా ఉందా అనేది. కుర్ర పిల్లికి మొదటిసారి వస్తే ఎక్స్‌రే, ముసలి పిల్లికి లేదా పదే పదే వస్తుంటే స్కానింగ్ కూడా. యూరిన్‌లో బ్యాక్టీరియా పెరుగుతుందా అని చూసే కల్చర్ టెస్ట్ కుర్ర పిల్లికి మొదటిసారే అక్కర్లేదు, పదేళ్లు దాటిన పిల్లికి, ఇంతకుముందు పైపు వేసిన పిల్లికి తప్పక చేయించండి, దాని సాంపుల్ పొట్ట మీంచి సన్న సూదితో తీస్తేనే నమ్మకం, చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ పిల్లి పెద్దగా పట్టించుకోదు.

యాంటీబయాటిక్ కంటే నొప్పి మందు

ఇక్కడ నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఉచ్చలో రక్తం అనగానే ఐదు రోజులు యాంటీబయాటిక్ ఇంజెక్షన్ రాసిచ్చే పద్ధతి చాలా చోట్ల నడుస్తోంది, ఐదారు రోజుల్లో తగ్గుతుంది కూడా, దాంతో ఆ మందే పనిచేసిందని అందరూ నమ్ముతారు. కానీ ఎఫ్ఐసీ ఏ మందూ లేకుండానే దాదాపు వారంలో తగ్గిపోతుంది, మళ్లీ కొన్ని నెలలకి వస్తుంది, మళ్లీ యాంటీబయాటిక్, మళ్లీ తగ్గుదల, ఇలా ఏళ్లు గడుస్తాయి, అసలు కారణం అలానే ఉంటుంది. ఆ వారం రోజులు పిల్లికి కావాల్సింది నొప్పి తగ్గించే మందు. బ్యూప్రెనార్ఫిన్, గాబాపెంటిన్ లాంటివి డాక్టర్ బరువు చూసి రాస్తారు, మెలాక్సికామ్ కొన్నిసార్లు వాడతారు గానీ పిల్లి నీరసించి ఉన్నా, కిడ్నీ రిపోర్ట్ బాలేకపోయినా వద్దు. "నొప్పికి ఏం ఇస్తున్నారు మేడం?" అని అడిగితే ఏ మంచి డాక్టరూ తప్పుగా అనుకోరు. గాబాపెంటిన్ మనుషుల లిక్విడ్ మందు షాపులో ఉందని సొంతంగా కొనకండి, కొన్ని లిక్విడ్లలో జైలిటాల్ అనే తీపి పదార్థం కలుస్తుంది, డోస్ కూడా మనకి తెలీదు, క్యాప్స్యూల్ విడదీసి ఎంత కలపాలో డాక్టరే చెప్పాలి.

కల్చర్‌లో బ్యాక్టీరియా వస్తే యాంటీబయాటిక్ కావాల్సిందే, చెప్పినన్ని రోజులూ పూర్తిగా.

ఫుడ్: ఎక్కువమంది ఇక్కడే తికమక పడతారు

రాయి ఏ రకమో తెలీకుండా ఫుడ్ మార్చి లాభం లేదు. స్ట్రువైట్ రాళ్లు ఫుడ్‌తోనే కరుగుతాయి, మామూలుగా రెండు నుంచి నాలుగు వారాల్లో, ఆపరేషన్ అక్కర్లేదు. కాల్షియం ఆక్సలేట్ రాళ్లు ఏ ఫుడ్‌తోనూ, ఏ చూర్ణంతోనూ కరగవు, పెద్దవైతే ఆపరేషన్ చేసి తియ్యాల్సిందే, ఫుడ్ మళ్లీ రాకుండా చూడటానికే. హైదరాబాద్‌లో ఎక్కడ చూసినా పర్షియన్లే కదా, పర్షియన్, హిమాలయన్ జాతులకి ఆక్సలేట్ రాళ్ల రిస్క్ మామూలు పిల్లుల కంటే ఎక్కువ, అందుకని పక్కింటి దేశీ పిల్లికి ఏదో ఫుడ్‌తో తగ్గిందని మీ పర్షియన్‌కి అదే మొదలుపెట్టకండి.

మన దగ్గర దొరికే యూరినరీ ఫుడ్లలో రాయల్ కానిన్ యూరినరీ ఎస్/ఓ, హిల్స్ సీ/డీ, ఫార్మినా వెట్ లైఫ్ స్ట్రువైట్, ఈ మూడూ ప్రిస్క్రిప్షన్ డైట్లే, మూడూ పనిచేసేవే. మూడిట్లో ఏది ఎంచుకోవాలంటే మీ పిల్లి ఏది తింటుందో అదే, ఎందుకంటే ఇవి పనిచెయ్యాలంటే అది తప్ప ఇంకేం పెట్టకూడదు, మధ్యలో ఒక ట్రీట్, మన కంచంలోంచి ఒక చేప ముక్క, డాబా మీద పాలు, ఇవన్నీ ఆ లెక్క చెడగొడతాయి. సూపర్ మార్కెట్‌లో దొరికే మామూలు బ్రాండ్ల ప్యాకెట్ మీద యూరినరీ హెల్త్ అని రాసున్నవి వేరు, రాళ్లు కరిగించడానికి అవి చాలవు. ఈ ప్రిస్క్రిప్షన్ ఫుడ్లలో కొన్నిట్లో నీళ్లు ఎక్కువ తాగడానికి ఉప్పు కాస్త ఎక్కువ వేస్తారు, కాబట్టి కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, బీపీ ఉన్న పిల్లికి, పిల్లికూనలకి, కడుపుతో ఉన్న పిల్లికి డాక్టర్ చెప్పకుండా మొదలుపెట్టొద్దు.

అదే ఫుడ్ డ్రైగానూ వెట్‌గానూ దొరికితే, డబ్బు సరిపోతే వెట్. లెక్క చూడండి, నాలుగు కేజీల పిల్లికి రోజుకి తిండితో కలిపి దాదాపు 200 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి. 85 గ్రాముల వెట్ పౌచ్‌లో 65 నుంచి 70 మిల్లీలీటర్లు నీళ్లే, డ్రై ఫుడ్ రోజంతా 60 గ్రాములు తిన్నా అందులో నీళ్లు ఐదారు మిల్లీలీటర్లు. మిగతాదంతా గిన్నెలోంచి తాగాలి, పిల్లి అంత తాగదు, దాహం తక్కువగా ఉండే జీవి అది. పూర్తి వెట్ మీద ఉంచలేకపోతే పొద్దున సాయంత్రం ఒక్కో పౌచ్, మధ్యలో కొద్దిగా డ్రై, అది కూడా వద్దనుకుంటే డ్రై ఫుడ్‌లోనే గోరువెచ్చని నీళ్లు పోసి నానబెట్టి పెట్టడం, ఖర్చు లేని మార్గం, సగం పిల్లులు ఒప్పుకుంటాయి. ఎండాకాలం నానబెట్టిన ఫుడ్ గంట రెండు గంటల్లో తీసెయ్యండి.

ఇంట్లో వండిన చికెన్ సంగతి చాలామంది అడుగుతారు. నీళ్లు బాగా అందుతాయి, ఆ మాట నిజమే. కానీ ఉత్త ఉడకబెట్టిన చికెన్, అన్నం మీదే నెలల తరబడి ఉంచితే పిల్లికి తప్పనిసరిగా కావాల్సిన టారిన్ అనే పోషకం చాలదు, కాల్షియం ఫాస్ఫరస్ లెక్క తప్పుతుంది. రోజుకి ఒక పూట కొసరుగా పెట్టుకోవచ్చు, రాళ్లు కరిగించే డైట్ నడుస్తున్నప్పుడు మాత్రం అదీ వద్దు. చికెన్ ఉడికిన నీళ్లు నీళ్లగిన్నెలో కలిపితే ఇష్టంగా తాగుతాయి, అందులో ఉప్పు, ఉల్లిపాయ, వెల్లుల్లి పడకూడదు, ఉల్లి వెల్లుల్లి పిల్లి రక్తకణాల్ని పాడుచేస్తాయి, మన కూరలోంచి పులుసు తీసిపెట్టే అలవాటు అందుకే మానాలి.

ఇంకో మాట, కొత్త ఫుడ్ తినకపోతే ఆకలేస్తే అదే తింటుందిలే అని పస్తు పెట్టకండి. లావు పిల్లి రెండు మూడు రోజులు తిండి మానేస్తే లివర్‌లో కొవ్వు పేరుకుని ఇంకో ప్రాణాపాయం. వారం పది రోజుల్లో పాతది తగ్గిస్తూ కొత్తది పెంచుతూ వెళ్లండి.

నీళ్ల ఫౌంటెన్ కొనాలా అంటే, కొన్ని పిల్లులు దాంతో ఎక్కువ తాగుతాయి, కొన్ని పట్టించుకోవు. ముందు వెడల్పు స్టీలు గిన్నెలో పింగాణీ గిన్నెలో మూడు నాలుగు చోట్ల పెట్టి చూడండి, తిండి గిన్నెకీ లిట్టర్‌కీ దూరంగా. బోర్ నీళ్లా, మంజీరా నీళ్లా, ఫిల్టర్ నీళ్లా అనే చర్చ కంటే ఎన్ని నీళ్లు లోపలికి వెళ్తున్నాయన్నదే ముఖ్యం.

స్ట్రెస్‌కి మందు ఇంట్లోనే

ఎఫ్ఐసీ అని తేలిన పిల్లికి ఫుడ్ కంటే ఇల్లు మార్చడం ముఖ్యం, అంటే షిఫ్ట్ అవ్వడం కాదు, ఇంట్లో పద్ధతులు. మన ఊళ్లో బోనాల డప్పులు, గణేష్ నిమజ్జనం డీజే, దీపావళి టపాసులు, పెళ్లికొచ్చిన చుట్టాలు, పై ఫ్లాట్‌లో డ్రిల్లింగ్, కొత్తగా తెచ్చిన రెండో పిల్లి, ఇవన్నీ దాని బ్లాడర్ మీద పడతాయి. పండగ ముందే ఒక లోపలి గది, తలుపు వేసి కర్టెన్ లాగి, అట్టపెట్టె, లిట్టర్, నీళ్లు, అది రోజూ పడుకునే దుప్పటి అక్కడ పెట్టెయ్యండి. పోయిన ఏడాది టపాసులకి ఇబ్బంది పడిందంటే ఈసారి ముందు రోజే డాక్టర్‌ని అడిగి గాబాపెంటిన్ రాయించుకోండి. లిట్టర్ బాక్సులు పిల్లుల సంఖ్య కంటే ఒకటి ఎక్కువ ఉండాలి, పక్కపక్కన కాదు, వేరే వేరే చోట్ల, వాషింగ్ మెషీన్ పక్కన అసలొద్దు. రోజూ ఒకే టైమ్‌కి పదినిమిషాలు ఆట. ఇవి చేసిన ఇళ్లల్లో మళ్లీ మళ్లీ రావడం బాగా తగ్గుతుంది, ఏ మందుకీ అంత గుణం లేదు.

పైపు వేయించడమా, ఆపరేషనా

బ్లాక్ అయిన మగపిల్లికి మొదటిసారి ఎప్పుడూ క్యాథెటరే. మత్తిచ్చి, పైపుతో దారి తీసి, సెలైన్ ఎక్కిస్తూ, రక్తంలో పొటాషియం, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూస్తూ ఒకటి నుంచి మూడు రోజులు ఉంచుతారు. మత్తు లేకుండా గట్టిగా పట్టుకుని పైపు తోసే చోట చేయించకండి, నాళం చిరిగిపోతే జీవితాంతం బాధ. సాయంత్రానికి తీసేసి ఇంటికి పంపేస్తాం అంటే ఖర్చు తక్కువ అనిపిస్తుంది, కానీ దారి తెరిచాక కిడ్నీలు చాలా యూరిన్ బయటికి తోస్తాయి, ఆ టైమ్‌లో సెలైన్ సరిపోకపోతే పిల్లి డీహైడ్రేట్ అవుతుంది, మళ్లీ బ్లాక్ అయ్యేది కూడా ఎక్కువగా మొదటి కొన్ని రోజుల్లోనే.

పెరినియల్ యురెత్రోస్టమీ, పీయూ అంటారు, నాళం సన్నటి చివరి భాగం తీసేసి వెడల్పు భాగాన్ని బయటికి తెరిచే ఆపరేషన్. ఇది పదే పదే బ్లాక్ అయ్యే పిల్లికి, పైపు అస్సలు దూరని పిల్లికి, నాళం దెబ్బతిన్న పిల్లికి. బ్లాక్‌ని చాలావరకు ఆపుతుంది గానీ బ్లాడర్ వాపునీ, రాళ్లు తయారవ్వడాన్నీ ఆపదు, ఆ తర్వాత ఇన్ఫెక్షన్లు కూడా కొంచెం ఎక్కువ వస్తాయి. మొదటి బ్లాక్‌కే పీయూ చేసేద్దాం అంటే ఇంకో డాక్టర్ అభిప్రాయం తీస్కోండి, మూడోసారి బ్లాక్ అయ్యాక కూడా ఆపరేషన్ అంటే భయపడుతుంటే మాత్రం ఆ భయం వదిలెయ్యండి, చేసే అలవాటున్న సర్జన్ దగ్గర అయితే పిల్లి తర్వాత హాయిగా బతుకుతుంది.

ఎక్కడికి తీస్కెళ్లాలి

జబ్బు రాకముందే తేల్చుకోవాల్సిన సంగతి ఇది. దగ్గర్లో ఉన్న రెండు మూడు క్లినిక్‌లకి ఇవాళే ఫోన్ చేసి అడగండి: రాత్రి డాక్టర్ ఉంటారా లేక కాంపౌండర్ మాత్రమేనా, మగపిల్లికి క్యాథెటర్ వేస్తారా, రక్తంలో పొటాషియం అక్కడే చూసే మెషీన్ ఉందా, రాత్రంతా ఉంచుకుంటారా. బోర్డు మీద 24 గంటలు అని రాసుండి ఈ నాలుగిట్లో ఏదీ లేకపోవచ్చు. కుక్కల అరుపుల మధ్య ఒకే హాల్లో ఉంచే చోటు కంటే పిల్లులకి వేరే గది ఉన్న చోటు మేలు, స్ట్రెస్‌తో వచ్చిన జబ్బుకి అది కూడా వైద్యమే.

హైదరాబాద్‌లో ప్రభుత్వం వైపు నారాయణగూడలో సూపర్ స్పెషాలిటీ వెటర్నరీ హాస్పిటల్ ఉంది, రాజేంద్రనగర్‌లో పీవీ నరసింహారావు వెటర్నరీ యూనివర్సిటీ కాలేజీ హాస్పిటల్ ఉంది. ఎక్స్‌రే, స్కానింగ్, పీయూ లాంటి ఆపరేషన్లకి, రెండో అభిప్రాయానికి ఇవి ప్రైవేట్ కంటే చాలా తక్కువ ఖర్చులో అయిపోతాయి, ఓపీ టైమ్ కనుక్కుని పొద్దున్నే వెళ్లండి, క్యూ ఉంటుంది. అర్ధరాత్రి బ్లాక్‌కి మాత్రం దగ్గర్లో తెరిచున్న ప్రైవేట్ క్లినిక్కే, నగరం అటు చివర పెద్ద పేరున్న డాక్టర్ కోసం గంటన్నర ట్రాఫిక్‌లో కూర్చోవద్దు. దారి తెరిచి, సెలైన్ పెట్టాక ఎక్కడికైనా మార్చుకోవచ్చు. డబ్బు సరిపోదనిపిస్తే మొదటే చెప్పండి, ఎస్టిమేట్ రాసివ్వమనండి, పొటాషియం టెస్ట్, మత్తు, పైపు, సెలైన్ ఈ నాలుగూ కోసెయ్యకుండా మిగతావి తగ్గించమని అడగండి.

డిశ్చార్జ్ అయ్యేటప్పుడు ఎంత పొటాషియం వచ్చింది, రాయి ఏ రకం, పైపు ఎప్పుడు తీశారు అన్నీ రాసిన కాగితం అడిగి తీస్కోండి, తీసిన రాయి ఉంటే ల్యాబ్‌కి పంపించమనండి. ఇంటికొచ్చిన మొదటి వారం పిల్లిని ఒక గదిలో, దాని సొంత లిట్టర్ బాక్స్‌తో ఉంచండి, ఇంకో పిల్లి ఆ బాక్స్ వాడితే గడ్డలు ఎవరివో తెలీదు. నాక్కోకుండా మెడకి వేసిన కోన్ కాలర్ తియ్యకండి. పొద్దున, మధ్యాహ్నం, పడుకునే ముందు గడ్డలు లెక్కపెట్టి ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. పన్నెండు గంటల్లో ఒక్క గడ్డ కూడా పడకపోతే, లేదా మళ్లీ ట్రేలోకి వెళ్లడం రావడం మొదలైతే తెల్లారేదాకా ఆగకుండా ఆ కాగితం పట్టుకుని బయల్దేరండి.